క్యాంపర్‌వ్యాన్‌లో లోఫోటెన్: నలుగురు స్నేహితులం, జూన్ ప్రయాణం – సలహాలు కావాలి

గోదారిగట్టు (బెంగళూరు)

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్‌లో ఒకే హాస్టల్ గదిలో ఉన్న నలుగురం ఇప్పుడు మూడు దేశాల్లో ఉన్నాం. చాలా ఏళ్ళ తర్వాత అందరికీ ఒకేసారి సెలవు దొరికింది. జూన్ మధ్యలో ఉత్తర నార్వే వెళ్ళాలని గట్టిగా అనుకున్నాం. ట్రోమ్సోలో దిగి అక్కడే క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుంటాం. సెన్యా దీవి, లోఫోటెన్ దీవులు చూసి, వీలైతే ఉత్తర కొసన ఉన్న నార్డ్‌కాప్ కూడా చుట్టి మళ్ళీ ట్రోమ్సోలో బండి అప్పగించేయాలి. చేతిలో ఉన్నది వారం మీద రెండు మూడు రోజులు.

నలుగురికీ ఒక్క వ్యాన్ సరిపోతుందా, రెండు తీసుకోవాలా? నార్వేలో ఎక్కడైనా బండి ఆపుకుని పడుకోవచ్చని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా? ఇద్దరు శాకాహారులు, వంట మేమే చేసుకుంటాం. యూరప్‌లో బండి నడిపిన అనుభవం మాలో ఒక్కడికే ఉంది. వీసా సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉత్తరదిక్కు (ట్రోమ్సో)

ట్రోమ్సోలో ఉంటున్నాను కాబట్టి రూటు గురించి నేను చెబుతాను. నార్డ్‌కాప్ తీసేయండి. మ్యాప్‌లో పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ట్రోమ్సో నుంచి 500 కి.మీ.కు పైనే, అదీ ఒకవైపు. లోఫోటెన్ దానికి సరిగ్గా వ్యతిరేక దిక్కు. రెండూ పెట్టుకుంటే స్నేహితులతో గడిపిన సెలవు కాస్తా స్టీరింగ్‌తో గడిపిన సెలవు అవుతుంది.

నేనైతే ఇలా వెళ్తాను. ట్రోమ్సో నుంచి పడమటికి బ్రెన్స్‌హోల్మెన్, అక్కడ ఫెర్రీ ఎక్కితే ముప్పావు గంటలో సెన్యా దీవిలో బోట్న్‌హామ్న్. సెన్యాలో కనీసం రెండు రాత్రులు ఉండండి. అందరూ లోఫోటెన్ హడావిడిలో దీన్ని దాటేస్తారు, నాకు మాత్రం అంతకంటే ఇదే ఇష్టం. టుంగెనెసెట్ దగ్గర రాళ్ళ మీదుగా చెక్క బాట వేశారు. దాని చివర నిలబడితే ఎదురుగా సముద్రంలోంచి ఓక్స్‌హోర్నాన్ శిఖరాలు రంపపు పళ్ళలా లేచి ఉంటాయి. జూన్‌లో రాత్రి పదకొండు తర్వాత వెళ్ళండి. సూర్యుడు ఉత్తరాన, సముద్రం మీదుగా వాలి ఉంటాడు. ఆ వెలుగు నేరుగా రాళ్ళ ముఖం మీద పడుతుంది.

సెన్యాలోని గ్రిల్లెఫ్యోర్డ్ నుంచి ఆండెనెస్‌కు ఇంకో ఫెర్రీ, గంటన్నర పైన పడుతుంది. వేసవిలోనే నడుస్తుంది. ఆండెనెస్ తీరానికి దగ్గర్లోనే సముద్రం ఒక్కసారిగా లోయలా లోతుకు పోతుంది, అందుకే స్పెర్మ్ తిమింగలాలు ఒడ్డుకు అంత దగ్గరగా వస్తాయి. అక్కడి నుంచి వెస్టెరోలెన్ దీవుల మీదుగా దిగి, మెల్బు–ఫిస్కెబ్యోల్ ఫెర్రీ దాటితే లోఫోటెన్. తిరుగు ప్రయాణానికి ఫెర్రీ అక్కర్లేదు. 'ఈ10' (E10) అనే హైవే 2007 నుంచి వంతెనలు, సొరంగాల మీదుగా నేరుగా ప్రధాన భూభాగానికి కలిసింది. నార్విక్ నుంచి ట్రోమ్సో దాదాపు 230 కి.మీ.

ఓరుగల్లు_రోడ్లు (హనుమకొండ)

మేము కూడా నలుగురమే పోయినం అన్నా, ఒక్క బండిలోనే. మస్తు మజా వచ్చింది, కానీ బండి ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఎందరు పడుకోవచ్చు అన్నది కాదు, సీటు బెల్టులు ఎన్ని అన్నది. నాలుగు పడకలు ఉండి మూడే బెల్టులు ఉన్న వ్యాన్లు కూడా ఉంటయి. రెండోది బరువు. మామూలు కారు లైసెన్స్‌తో 3,500 కిలోల దాకానే నడపొచ్చు. ఆ లెక్కలో బండి, మనుషులు, సూట్‌కేసులు, డీజిల్, గ్యాసు, నీళ్ళు అన్నీ వస్తయి. 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితేనే 100 కిలోలు. పెద్ద మోటర్‌హోమ్ ఖాళీగానే 3,000 కిలోలు దాటి ఉంటే, నలుగురు పెద్దమనుషులు, వాళ్ళ పెట్టెలు ఎక్కినంక ఏం మిగుల్తది? నార్వేలో రోడ్డు పక్కన ఆపి తూకం వేస్తరు. అందుకే గట్టి సూట్‌కేసులు వద్దు, మడిచి పెట్టుకునే బ్యాగులు తెచ్చుకోండి. ఖాళీ సూట్‌కేసు పెట్టుకునే జాగా వ్యాన్‌లో ఉండదు.

రెండు చిన్న వ్యాన్లు తీసుకుంటే నిద్ర బాగుంటది, కానీ ఖర్చు డబుల్, ఫెర్రీలు డబుల్, పార్కింగ్ డబుల్. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున టీ ఒక్కచోట తాగడానికే కదా అంత దూరం పోయేది. ఒక్కటే తీసుకోండి. గురక పెట్టేటోనికి పై పడక ఇవ్వండి, మిగతావాళ్ళకు చెవిలో పెట్టుకునే దూది బిళ్ళలు.

పెరుగన్నం (డ్యూసెల్‌డోర్ఫ్)

క్యాంపింగ్ సైట్ల మీద డబ్బు తగలేయకండి. నార్వేలో ప్రకృతిలో తిరిగే హక్కు అందరికీ ఉంది, చట్టమే ఉంది. మేము చివరి రాత్రి తప్ప ఎక్కడా పైసా కట్టలేదు. ఒక యాప్ వేసుకుంటే జనం ఎక్కడెక్కడ ఆపారో అన్నీ కనిపిస్తాయి. సముద్రం ఒడ్డునే పడుకున్నాం, ఎవరూ ఏమీ అనలేదు. క్యాంపింగ్‌కు వెళ్తే పక్క బండి వాడి మొహం చూస్తూ లేవాలి.

ఉత్తరదిక్కు

పెరుగన్నం గారూ, ఈ మాట వల్లే మా దగ్గర గొడవలు అవుతున్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మీరు చెప్పిన చట్టం 1957 నాటిది. అది నడిచి తిరిగే మనిషికి, గుడారానికి ఇచ్చిన హక్కు. సాగులో లేని నేల మీద, ఇళ్ళకు కనీసం 150 మీటర్ల దూరంలో గుడారం వేసుకోవచ్చు. బండికి ఆ హక్కు లేదు. బండి రోడ్డు దిగి గడ్డి మీదకో ఇసుక మీదకో పోవడాన్ని వేరే చట్టం నిషేధిస్తుంది. కాబట్టి వ్యాన్‌లో పడుకోవడం అంటే అక్కడి పార్కింగ్ నియమాల ప్రకారమే. బోర్డు మీద రాత్రి పార్కింగ్ వద్దని ఉంటే వద్దనే అర్థం. ప్రైవేటు స్థలమైతే యజమానిని అడగాలి.

చట్టం పక్కన పెట్టినా, లోఫోటెన్‌లో ఊళ్ళు ఎంత చిన్నవో చూశారా? రైనె లాంటి ఊరికి ఒకే రోడ్డు. దానికి ఒకవైపు కొండ, ఇంకోవైపు నీళ్ళు. జూన్, జులైల్లో రోడ్డు అంచున ఆపిన వ్యాన్ల వల్ల అంబులెన్సు, బస్సు దూరడానికి చోటుండదు. ఇళ్ళ వెనక రాళ్ళ సందుల్లో కాగితాలు, మలం. గొర్రెలు మేసే చోట అవి. ఇది ఆ ఊరి మనుషులు మళ్ళీ మళ్ళీ మొరపెట్టుకున్న విషయం. మన తాతగారి ఊళ్ళో చెరువు గట్టున ఎవరో వచ్చి రోజూ ఇలా చేసి పోతే ఊరుకుంటామా?

పెరుగన్నం

మీరు చెప్పిన చట్టం తేడా నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ మా వ్యాన్‌లో టాయిలెట్ ఉంది, చెత్త ఒక్క ముక్క కూడా వదల్లేదు. క్యాంపింగ్ సైటు రాత్రికి 300 నుంచి 500 క్రోనర్లు. ఒక క్రోనర్ అంటే తొమ్మిది రూపాయలకు అటూ ఇటూ. చదువుకునే పిల్లలు వస్తే రోజూ అంత పెట్టగలరా? అందరినీ ఒకే గాటన కట్టకండి.

మంచుతుంపర (స్టాక్‌హోమ్)

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మా స్నేహితురాళ్ళ బృందం ఇక్కడి నుంచి ఏటా ఉత్తరానికి వెళ్తుంది. మేము పాటించేది చెబుతాను.

లోఫోటెన్ లోపల, ముఖ్యంగా లెక్‌నెస్ ఊరు దాటాక పడమటి వైపు, ప్రతి రాత్రీ డబ్బు కట్టే చోటే ఉంటాం. నలుగురు పంచుకుంటే 400 క్రోనర్లు తలకు 100. దానికి వేడినీళ్ళ స్నానం, కరెంటు, వంటగది, టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే డబ్బా) ఖాళీ చేసే చోటు, నీళ్ళు పట్టుకునే కుళాయి అన్నీ వస్తాయి. నార్విక్ వైపు, లోపలి ప్రాంతాల్లో జనం తక్కువ. అక్కడ బోర్డు అభ్యంతరం చెప్పని రెస్ట్ ఏరియాలో ఒక రాత్రి ఆగుతాం. ఖర్చు తగ్గాలంటే ఆదా చేయాల్సింది నిద్ర దగ్గర కాదు, బయటి తిండి దగ్గర.

పెరుగన్నం గారూ, మీరు శుభ్రంగా ఉన్నారని నమ్ముతున్నాను. కానీ మీ బండి ఆగి ఉండడం చూసి వెనక వచ్చేవాడు కూడా ఆగుతాడు, వాడి బండిలో టాయిలెట్ ఉండదు. అదీ ఇబ్బంది.

టాయిలెట్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. నలుగురు వాడితే క్యాసెట్ రెండు రోజుల్లోనే నిండుతుంది. ఖాళీ చేసే చోట్లు చాలా పెట్రోల్ బంకుల్లో, క్యాంపింగ్‌లలో ఉంటాయి. ఆ పని ఎవరి వంతు ఏ రోజో మొదటి రోజే రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. స్నేహాలు చెడేది పెద్ద విషయాల దగ్గర కాదు, ఇలాంటి చోటే.

ఇక వంట. పచ్చళ్ళు, కందిపొడి, పులిహోర పేస్టు నిక్షేపంగా తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, జున్ను, మాంసం పెట్టిన పచ్చళ్ళు మాత్రం వద్దు. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం నిషేధం. నెయ్యి కావాలంటే అక్కడి వెన్న కొని కాచుకోండి, ఎంత బాగుంటుందో! చిన్న గిన్నెలో సన్నని సెగ మీద పెట్టి, నురగ తగ్గి అడుగున గసి గోధుమరంగుకు తిరగ్గానే దించేయాలి. వేడి అన్నం, కందిపొడి, ఆ నెయ్యి, బయట వాన. అంతకంటే ఏం కావాలి?

పోపు మాత్రం వ్యాన్ లోపల పెట్టకండి. ఎండుమిర్చి ఘాటు పరుపులకు, కర్టెన్లకు పట్టేస్తుంది. చిన్న గ్యాసు స్టవ్ ఒకటి కొని బయట పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవుల్లో, వాటి దగ్గర్లో బహిరంగంగా మంట పెట్టకూడదని సాధారణ నియమం ఉంది కాబట్టి స్టవ్ పెట్టేది చెట్లకు దూరంగా, రాతి నేల మీద. బియ్యానికి చిన్న కుక్కర్ తెచ్చుకుంటే గ్యాసు చాలా కలిసొస్తుంది. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారమే కూరగాయలు కొనేయండి.

గోదారిగట్టు

ఇంత ఓపికగా రాసిన అందరికీ ధన్యవాదాలు. నార్డ్‌కాప్ తీసేశాం. ఒకడు కాసేపు అలిగాడు, సెన్యా ఫోటోలు చూపించాక ఒప్పుకున్నాడు. లోఫోటెన్‌లో అన్ని రాత్రులూ క్యాంపింగ్‌లోనే అని కూడా తీర్మానించుకున్నాం. ఇక డ్రైవింగ్ గురించే టెన్షన్. ముగ్గురం ఇండియాలో తప్ప ఎక్కడా నడపలేదు.

కుడిచేతి_దారి (ఓస్లో)

ఇండియన్ లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్టీఏలో తీసుకోండి. అద్దె కంపెనీ వయసు పరిమితి, లైసెన్స్ ఎన్నేళ్ళ పాతది కావాలో బుకింగ్‌కు ముందే చూడండి. బండి నడిపే ప్రతి ఒక్కరి పేరూ ఒప్పందంలో ఉండాలి, లేకపోతే బీమా వర్తించదు. ఇద్దరి పేర్లు పెట్టించండి, ముగ్గురైతే ఇంకా మంచిది. ఆటోమేటిక్ గేరు బండే తీసుకోండి. కుడిచేత్తో గేరు వేస్తూ కుడిపక్క నడపడం ఒకేసారి నేర్చుకోనక్కర్లేదు.

మనవాళ్ళకు తెలియని నియమం ఒకటుంది. బోర్డు లేని కూడలిలో మీ కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. అది చిన్న సందులోంచి వచ్చినా సరే, మీది పెద్ద రోడ్డు అనిపించినా సరే. పసుపు రంగు డైమండ్ బోర్డు ఉన్న రోడ్డు మీద మాత్రం మీకే ప్రాధాన్యం. ఊళ్ళలో 50, బయట 80 మామూలు పరిమితి. ఆ 80 అన్నది కార్లకు రాసింది, ఆ వంపుల్లో వ్యాన్‌తో 60 చాలు. వెనక కార్లు పోగైతే చోటు దొరికినప్పుడు పక్కకు ఆపి వదిలేయండి. ఇరుకు రోడ్ల మీద నీలం బోర్డు పైన ఎం అక్షరం కనిపిస్తే అది ఎదురు బండికి దారి ఇచ్చే చోటు. అక్కడ నిలిపి టిఫిన్లు పెట్టుకోకూడదు. హెడ్‌లైట్లు పగలు కూడా వేసే ఉంచాలి. రక్తంలో మద్యం పరిమితి 0.02 శాతం, అంటే ఒక్క బీరు తాగినా స్టీరింగ్ ముట్టుకోవద్దు. రాత్రి తాగితే పొద్దున్నే కూడా వద్దు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వెలుతురు. లోఫోటెన్‌లో మే చివరి నుంచి జులై మధ్య దాకా సూర్యుడు అస్తమించడు. రాత్రి ఒంటిగంటకు కూడా ఎండ కాస్తుంటే ఒంటికి అలసట తెలియదు. 'ఇంకో గంట పోదాం' అనిపిస్తూనే ఉంటుంది. స్టీరింగ్ దగ్గరున్నవాడి కళ్ళు మాత్రం మూతపడతాయి. మీ నలుగురిలో ఒకరికి గడియారం పని అప్పగించండి. సాయంత్రం ఎనిమిది అయితే బండి ఆగాలి. ఆ తర్వాత ఎంతసేపైనా నడిచి తిరగండి. కళ్ళకు కట్టుకునే మాస్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి.

ఓరుగల్లు_రోడ్లు

కుడిచేతి_దారి అన్న చెప్పిందానికి ఒక్కటి కలుపుత. గాలి. సెన్యాలో మా పక్కన ఆగిన బండి తలుపు తీయంగనే గాలికి పూర్తిగా వెనక్కి విరిగింది, కీలు వంగిపోయింది. వాళ్ళ అద్దె బీమాలో అది కవర్ కాదట, మొత్తం వాళ్ళే కట్టుకున్నరు. గాలి ఉన్న రోజు బండి ముఖం గాలికి ఎదురుగా పెట్టి ఆపండి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తీయండి. పడుకునేటప్పుడు పైకప్పు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలె. నలుగురి ఊపిరికి పొద్దున లేచేసరికి గోడలన్నీ తడితడి అయితయి.

విశాఖ_అల (విశాఖపట్నం)

వీసా గురించి. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు నార్వేకే షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకే వీసా) దరఖాస్తు పెట్టాలి, ఎక్కువ రాత్రులు అక్కడే కాబట్టి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దలకు ఫీజు 90 యూరోలు. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. ఎక్కడ ఉంటారో చూపించాలి కదా, హోటళ్ళు లేవు కాబట్టి వ్యాన్ బుకింగ్ పత్రం, క్యాంపింగ్ బుకింగ్‌లు, రోజువారీ ప్లాన్ ఒక పేజీలో పెట్టి జత చేయండి. ట్రోమ్సోలో మొదటి రాత్రి, చివరి రాత్రి గది తీసుకుంటే కాగితాలకూ మంచిది, నడుముకూ మంచిది. స్టాక్‌హోమ్ మీదుగా విమానం అయినా వీసా నార్వేదే.

ఉప్పాడ_తీరం (కాకినాడ)

ఈ చర్చలో చేపల మాట రాకపోతే ఎలా? మా ఇంట్లో మూడు తరాలుగా ఎండుచేపల వ్యాపారం. నేను లోఫోటెన్ వెళ్ళింది కొండల కోసం కాదు, చేపలు ఎండబెట్టే కర్ర పందిళ్ళ కోసమే.

శీతాకాలంలో బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేప గుడ్లు పెట్టడానికి లోఫోటెన్ నీళ్ళకు వస్తుంది. పట్టి, తల తీసి, రెండేసి చేపలను తోక దగ్గర తాడుతో కట్టి, ఆ పందిళ్ళ మీద వేలాడదీస్తారు. ఉప్పు వేయరు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మనం పండుగప్పకో వంజరానికో ఉప్పు పట్టించకుండా ఎండబెడితే సాయంత్రానికే ఈగలు ముసురుతాయి. అక్కడ చలి సున్నాకు అటూ ఇటూగా ఉంటుంది, ఈగలు ఇంకా పుట్టవు, సముద్రపు గాలి ఆగదు. ఆ మూడూ కలిసి చేపను కర్రలా ఎండబెడతాయి. వేలితో తడితే చెక్క మీద తట్టినట్టు శబ్దం. జూన్‌లో దించేస్తుంటారు, మీరు వెళ్ళేసరికి కొన్ని పందిళ్ళ మీద ఇంకా ఉండొచ్చు. తలలు విడిగా ఎండబెట్టి నైజీరియాకు పంపుతారు. అక్కడ పులుసుల్లో వేస్తారట. చేప ఎక్కువగా ఇటలీకి పోతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, శాకాహార మిత్రులకు ముందే చెప్పండి. పందిళ్ళ కిందకు దూరి ఫోటోలు దిగకండి, అది వాళ్ళ ఏడాది సంపాదన.

మంచుతుంపర

ఎంత బాగా రాశారండీ. ఆ పందిళ్ళ పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్ళాను, ఉప్పు లేదన్న సంగతి ఇప్పుడే తెలిసింది.

గోదారిగట్టు

మా శాకాహారి కూడా ఇది చదివి, ముక్కు మూసుకుని అయినా చూస్తానంటున్నాడు. చివరిగా ఒక్కటి. రైనె ఊరి పైనున్న రైనెబ్రింగెన్ కొండ ఎక్కాలని అందరికీ ఉంది. జూన్ మధ్యలో ఎక్కొచ్చా? ఒకతనికి మోకాలు నొప్పి.

ఉత్తరదిక్కు

ఎత్తు 448 మీటర్లే గానీ దాదాపు నిట్టనిలువు. పాత దారి కోసుకుపోయి రాళ్ళు దొర్లేవి, ప్రమాదకరంగా ఉండేది. నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు 2016 నుంచి కొన్ని వేసవులు పనిచేసి పెద్ద పెద్ద బండలతో మెట్లు కట్టారు. ఒక్కో బండను ఎంత జాగ్రత్తగా కూర్చారో ఎక్కేటప్పుడు చూడండి. నార్వేలో చాలా కొండదారులు ఇప్పుడు వాళ్ళ చేతి పనే.

మెట్లు ఎక్కడం కంటే దిగడం మోకాళ్ళకు కష్టం. నొప్పి ఉన్నవారు రైనెలోనే ఉండి, వంతెన దాటి హామ్నోయ్ దాకా నడవొచ్చు, నీళ్ళ మీద ఎర్ర గుడిసెలు అక్కడే ఉన్నాయి. జూన్ మొదట్లో పైన మంచు మిగిలి ఉండొచ్చు, వాన పడితే బండలు జారతాయి. నార్వేలో కొండకు వెళ్ళేవాళ్ళకు పాత నియమాలు కొన్ని ఉన్నాయి, అందులో ఒకటి 'వెనక్కి తిరగడంలో సిగ్గు లేదు' అని. నలుగురిలో ఒక్కరు వద్దన్నా నలుగురూ దిగండి. అంబులెన్సుకు 113, పోలీసులకు 112 ఫోన్‌లో పెట్టుకోండి. వాతావరణానికి వైఆర్ (Yr) యాప్ చాలు, గంట గంటకూ చూడండి.

మోకాలు పోటు పెడితే దానికి బదులు హౌక్‌లాండ్ బీచ్ నుంచి ఉట్టక్‌లైవ్ బీచ్ దాకా కొండ చుట్టూ పాత రోడ్డు ఉంది, దాదాపు చదునే, సముద్రం పక్కనే. ఉత్తరం వైపుకు తిరిగి ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి సూర్యుడు అక్కడి నుంచి బాగా కనిపిస్తాడు. పార్కింగ్ రుసుము ఫోన్‌లో కట్టాలి.

గ్రిల్లెఫ్యోర్డ్ ఫెర్రీకి మాత్రం కనీసం గంటన్నర ముందే లైన్‌లో ఉండండి. వ్యాన్లకు చోటు నిండితే తర్వాతి పడవ కోసం చాలాసేపు ఆగాలి. ఫెర్రీ, టోల్ డబ్బులు నంబరు ప్లేటు ఫోటో తీసి అద్దె కంపెనీకే పంపుతారు, తర్వాత మీ కార్డులోంచి తీసుకుంటారు. కాబట్టి నలుగురి లెక్క తేల్చేయడానికి బండి అప్పగించాక కొన్ని వారాలు ఆగండి.

గోదారిగట్టు

టికెట్లు బుక్ చేశాం. వ్యాన్ ఒక్కటే, నాలుగు బెల్టులు, ఆటోమేటిక్, ముగ్గురు డ్రైవర్ల పేర్లు. రెండు రాత్రులు సెన్యా, ఒక రాత్రి ఆండెనెస్, మిగతావి లోఫోటెన్, తిరుగులో నార్విక్ దగ్గర ఒకటి. క్యాసెట్ వంతుల పట్టిక కూడా తయారైంది. ఉత్తరదిక్కు గారూ, మీరు ఊళ్ళో ఉంటే చివరి రాత్రి ట్రోమ్సోలో మాతో భోజనానికి రండి. ఆవకాయ మీ కోసం విడిగా ఒక సీసా తెస్తున్నాం.

ఉత్తరదిక్కు

తప్పకుండా వస్తాను. వెన్న కాచే పని నాది.